లారీ దగ్గర ఆదితాళం

"సంగీతంలో డిగ్రీ చేశాక పిల్లలు ఏం చేస్తారండీ?" నేను కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ ప్రశ్న నా వెంటే ఉంది. నిన్న ఒక తండ్రి కూడా అడిగారు. నా మాట విన్నాకే వాళ్ళమ్మాయిని చేర్పించాలో లేదో తేల్చుకుంటారట. రెండు రోజుల్లో చెబుతానన్నాను.

ఈ రోజు మల్లె మొక్కల కోసం కడియం వెళ్ళాను. నర్సరీలో లారీకి మొక్కలు ఎక్కిస్తున్నారు. పక్కనే నిలబడి, ఆదితాళం వేస్తూ వాటిని లెక్కపెడుతున్న అమ్మాయి నా పాత విద్యార్థిని శ్రావణి! దెబ్బకో మొక్క చొప్పున ఎనిమిది మొక్కలకు ఒక ఆవర్తనం, ఆవర్తనానికి ఒక సుద్దగీత.

"పాట మానేశావా?" అన్నాను.

ఆవర్తనం పూర్తయ్యేదాకా నన్ను ఆపి, గీత గీసి, అప్పుడు నవ్వింది. "తాళం మానలేదు కదండీ!"

నర్సరీ యజమాని మురిసిపోయారు. "ఎవరు పలకరించినా లెక్క తప్పదండీ ఈ అమ్మాయి. మీ దగ్గర ఇలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉంటే పంపండి మేడమ్."

ఇన్నేళ్ళలో మా సంగీత శాఖను వెతుక్కుంటూ వచ్చిన మొదటి క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఇదే. సంతోషించాలో, సిగ్గుపడాలో తెలియక రెండు మొక్కలు ఎక్కువే కొన్నాను.

రేపు ఆ తండ్రికి శ్రావణి గురించి చెప్పాలా, దాచాలా? ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. మీరైతే చెబుతారా?