అండాలమ్మ ముందే చూసొచ్చింది

మా మేనత్త అండాలమ్మ చివరగా చేసిన మామూలు పని చాయ్‌కు వంక పెట్టడం. గుండె ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం, పట్నంలో ఆసుపత్రి మంచం మీద కూర్చుని, కింద క్యాంటీన్‌లో చాయ్ ఎట్లుందో ముందుగా నన్ను తాగి రమ్మంది.

"నేను తాగితే నీకేం ఎరుకైతది అత్తమ్మా? నీకే తెస్త గదా."

"తెల్వని చాయ్ నేనెట్ల తాగుత? నువ్వు పోయి సూసి రా, అల్లుడా."

వెళ్లి తాగి వచ్చాను. అల్లం వేశారనీ, చక్కెర సరిపోయిందనీ, గ్లాసు కడిగినదేననీ చెప్పాను. అప్పుడు తెప్పించుకుంది. రెండు గుక్కలు తాగి గ్లాసును కిటికీలో పెట్టేసింది.

"నువ్వు జెప్పినంత మంచిగ లేదు," అంది.

మర్నాడు పొద్దున్నే లోపలికి తీసుకుపోయారు. ఆ తర్వాత ఆమె దేనికీ వంక పెట్టలేదు.

మాది రావల్కోల్. పెళ్లయిన కొత్తలోనే మామ పోవడంతో అత్తమ్మ పుట్టింటికి తిరిగొచ్చి, మా నాయిన ఇంటికే పెద్ద దిక్కయింది. ద్రాక్షతోట, బర్రెలు, అమ్మ లేని మేము, అందరం ఆమె చేతి కిందే పెరిగాం. మా వంశంలో భయం ఆస్తిలాగా పంచుకోవడానికి సరిపోయేంత ఉండేది. మేడ్చల్‌లో బ్యాంకుకు పోవాలన్నా మా నాయిన ముందు రోజు నుంచే వాకిట్లో పచార్లు చేసేవాడు. నేను ఆయన కొడుకుని, సుగుణక్క ఆయన కూతురు. కొత్త చోటు అనే మాట వినబడితే చాలు, మా ముగ్గురి కంచాల్లోనూ అన్నం అట్లాగే ఉండిపోయేది.

అత్తమ్మ ఒక్కతే వేరు. ఎవరు ఎక్కడికి పోవలసి వచ్చినా, ఆ చోటును ఆమె ముందే వెళ్లి చూసి వచ్చేది. పొద్దున బస్సుకు బయల్దేరేది. చేతి సంచిలో కాలాన్ని బట్టి ద్రాక్షగుత్తులో, జామకాయలో ఉండేవి. సాయంత్రం బస్సుకు దిగేసరికి సంచి ఖాళీగా ఉండేది. గడప ముందు కాళ్లు కడుక్కుంటూనే చెప్పడం మొదలుపెట్టేది.

నన్ను ఇంటర్‌కు బోయిన్‌పల్లి దగ్గర ఒక హాస్టల్లో వేద్దామనుకున్నప్పుడు అంతే జరిగింది. అది తొంభై రెండో సంవత్సరం. నేను బర్రెల కొట్టం వెనక కూర్చుని ఏడుస్తున్నాను. చదువు మీద కాదు, ఆ హాస్టల్ ఎట్లుంటుందో తెలియక. అత్తమ్మ వెళ్లొచ్చి నా ముందు కూర్చుంది.

"మూడంతస్తులు. పసుపు రంగు. గేటు ముంగట మిరపకాయ బజ్జీల బండి ఉన్నది. వార్డెన్‌కు ఇంత బొర్ర."

"కొడ్తడా?"

"బొర్రున్నోడు యాడ కొడ్తడురా? వంగుడే గాదు వానికి."

నాయిన నన్ను తీసుకుపోయాడు. నువ్వు గూడ రా అత్తమ్మా అంటే, "నేను సూసిందే గదా, మల్లెందుకు," అంది. తీరా చూస్తే హాస్టల్‌కు రెండే అంతస్తులు, నీలం రంగు. వార్డెన్ ఊచలాగా ఉన్నాడు. బజ్జీల బండి మాత్రం ఉంది. మొదటి రోజంతా నేను ఆ పెద్ద పొట్ట మనిషి ఎప్పుడొస్తాడా అని ఎదురుచూస్తూ గడిపాను. ఆయన రాలేదు, నాకు ఏడుపూ రాలేదు. సెలవులకు ఇంటికి వచ్చి నిలదీశాను.

"రంగేసిండ్రు గావచ్చు," అంది అత్తమ్మ బర్రె పాలు పితుకుతూ.

"మరి వార్డెన్?"

"చిక్కిపోయిండా? అయ్యో పాపం. ఏం బాధొచ్చెనో."

"అంతస్తు గూడ చిక్కిపోయిందా?"

"ఏం పంతుళ్లురా నీకు, పెద్దోళ్లను ఎదురడుగుడే నేర్పుతుండ్రు," అని పాల గిన్నెతో లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత సుగుణక్కకు తూంకుంట సంబంధం వచ్చింది. అక్క మాట్లాడడం మానేసింది. అత్తమ్మ సంచి తీసుకుని వెళ్లొచ్చింది.

"మీ అత్త మస్తు మాట్లాడతది. మంచిదే. మాట్లాడేటోళ్లు కడుపుల ఏం దాసుకోరు. పెరట్ల కాకర తీగ ఉన్నది, గోడ మీదికెల్లి అవతలికి పోతాంది. ఆ తీగకాడ నిలవడి ఏడ్వొచ్చు, ఎవలకు కనబడవు."

అక్క నవ్వింది. పెళ్లయి వెళ్లిన మర్నాడు పెరట్లోకి పోయి చూస్తే తీగ లేదు. కాకర తీగ ఏదని వాళ్ల అత్తనే అడిగింది. ఆవిడ కంగారుపడింది. కొత్త కోడలికి కాకరకాయంటే ప్రాణమేమో, రాగానే నోరు తెరిచి అడిగిందనుకుని, ఆ వారమే గింజలు పెట్టించింది. బోనాలకు మేమంతా జీపులో వెళ్లేసరికి తీగ గోడ మీదికి పాకుతోంది. అత్తమ్మ దాన్ని చూపించి నా డొక్కలో పొడిచింది.

"సూసినవా? నేను జెప్తె అబద్ధమంటివి."

అన్నీ ముందే చూసొస్తుందన్న ఈ పేరు ఊళ్లోకీ పాకింది. తొంభై తొమ్మిది డిసెంబరులో పక్కింటి లింగస్వామికి ఎవరో చెప్పారు, ఒకటో తారీఖున కంప్యూటర్లన్నీ పిచ్చెక్కి దునియా ఖతమవుతుందని. లింగస్వామి జీవితంలో కంప్యూటర్ చూడలేదు కాబట్టి భయం ఇంకా ఎక్కువయింది. మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"అండాలక్కా, అన్ని సూసొస్తవు గదా. జర జనవరి గూడ పోయి సూసి రారాదు."

"బస్సేస్తె పోయొద్దును. నీకెందుకురా గంత పరేషాన్? దునియా మారినా నీ నోట్ల సుట్ట మారదు."

ఒకటో తారీఖు పొద్దున్నే వాకిలి ఊడుస్తూ ఆమె గోడ మీదుగా కేకేసింది.

"లింగస్వామీ, జేరినవా? ఆడ ఎట్లుంది?"

"నిన్నటి లెక్కనే ఉన్నదక్కా."

"ఇంకేం మరి. సుట్ట ముట్టిచ్చుకో."

నాయిన పోయాడు. బోర్లు ఎండిపోయి ద్రాక్షతోట ప్లాట్లయింది. నాకు పట్నంలో ఉద్యోగం వచ్చింది. ప్రతి మార్పుకూ ముందు అత్తమ్మ సంచి పట్టుకుని వెళ్లొచ్చేది, సగం తప్పులు చెప్పేది, మేము ధైర్యంగా వెళ్లి ఆ తప్పులు లెక్కపెట్టుకునేవాళ్లం.

రెండు వేల ఆరులో ఆమెకు ఆయాసం మొదలైంది. గుండెలో కవాటం పాడైందన్నారు డాక్టర్లు. ఆపరేషన్ చేస్తే బతకవచ్చు, చేయకపోతే ఏడాది కష్టం అన్నారు. అత్తమ్మ శాంతంగా విని, "సూసొచ్చినంక జెప్త," అంది. కానీ వాకిలి దాటితేనే ఎగపోస్తోంది. పోలేదు. పోయి చూడకపోతే ఆపరేషన్‌కు ఒప్పుకోదు. నేనూ సుగుణక్కా బతిమాలాం.

"నేను సూడని తావుకు నేను రాను," అంది గోడ వైపు తిరిగి పడుకుని. ఆ గొంతులో ధైర్యం లేదు. నాకు కొత్తగా అనిపించింది.

చివరికి, "నువ్వు పోయి సూసి రా మరి," అంది.

వెళ్లాను. ఆపరేషన్ గది తలుపుకున్న గుండ్రటి అద్దంలోంచి తొంగిచూస్తుంటే ఒక ఆయా చీపురుతో తరిమింది. చూసినంత చూసి వచ్చి చెప్పాను.

"సల్లగుంటదా?"

"ఏసీ ఉన్నది. సల్లగనే ఉంటది."

"చెప్పులు యాడ ఇడుస్తరు?"

"బయటనే."

"మత్తు సూదేసినంక ఏం కనబడతది?"

"ఏం కనబడదు."

"నువ్వు సూసినవా?"

"లేదు."

"మరెట్ల జెప్తున్నవ్?"

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆసుపత్రి మెట్ల మీద బౌరంపేట్‌కు చెందిన ఒకాయన కనబడ్డాడు. అదే ఆపరేషన్ చేయించుకుని, పరీక్ష కోసం వచ్చాడట. కూర్చోబెట్టి, ఆయన విసుక్కునేదాకా అన్నీ అడిగాను. ఇంటికొచ్చి ఆయన మాటలే చెప్పాను.

"కండ్లు మూసిండంట, తెరిచిండంట. నడుమ ఏం లేదంట. లేసినంక దూప మస్తయిందంట, నీళ్లు నీళ్లన్నడంట."

అత్తమ్మ లేచి కూర్చుంది. ఎన్నో రోజుల తర్వాత ముఖంలో నవ్వొచ్చింది.

"పోయొచ్చినోన్ని అడిగినవా?"

"అడిగిన."

"ఇప్పుడు నేర్చినవ్ అల్లుడా. గట్ల అడగాలె. ఇగ పోదాం పా."

నేను కళ్లారా చూసినదానికి కదలని మనిషి, ముక్కూ మొహం తెలియని ఆయన మాటకు ఎందుకు కదిలిందో నాకప్పుడు అర్థం కాలేదు. అడుగుదామనుకున్నాను, తీరిగ్గా. ఆపరేషన్ తర్వాత ఆమె కళ్లు తెరవలేదు.

పెద్దకర్మ అయ్యాక పట్నం తిరిగిపోతూ మేడ్చల్ బస్టాండులో నిలబడ్డాను. అక్కడ జామకాయలమ్మే యాదవ్వ నన్ను గుర్తుపట్టింది.

"అండాలమ్మ అల్లునివి గదా సారు? శాన దినాలాయె, వస్తలేదు. మంచిగున్నదా?"

చెప్పాను. యాదవ్వ తక్కెడ కింద పెట్టి కాసేపు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత ఎదురుగా ఉన్న సిమెంటు తిన్నె చూపించింది.

"గక్కడనే గూసునేది, పొద్దూకెదాక."

"బస్సు కోసమా?"

"బస్సుల కోసమే. బస్సొస్తె దిగినోళ్ల చేతుల ఇంత ద్రాక్షగుత్తి వెట్టి, మీదే ఊరు, ఆడ ఎట్లుంటది, మనుషులెట్లుంటరు అని అడిగేది. ఒకపారి ఎవలో హాస్టల్ పిలగాడు దిగితె వాన్ని ఇడిస్తెనా? ఏ హాస్టలోడో ఏమో, మా వార్డెన్‌కు ఇంత బొర్ర అని వాడు జెప్తుంటె ఒకటే నవ్వు."

"తర్వాత ఎక్కి పోయేదా?"

"యాడికి?" అంది యాదవ్వ. "మీ ఊరి బస్సు తప్ప ఇంకోటి ఒక్కతె ఎక్కంగ నేనెన్నడు సూడలె సారు. తెల్వని తావంటె ఆమెకు మస్తు భయం. ఇంట్ల జెప్పలేదా?"