అట్ట వేసిన పన్నెండు పుస్తకాలు

ఊళ్ళో ఎవరి మోటారు కాలిపోయినా ముందు తీగ చుట్టే ఈ వైండింగ్ మేస్త్రినే తలుచుకునేవారు. కాలిన తీగ వాసన చూసి జబ్బేమిటో చెప్పేసేవాడు. ఆ చేతికి తిరుగు లేదు. అంత మనిషికీ ఒక గుట్టు ఉండేది. ఆయనకు మాయల కథలంటే ప్రాణం.

పన్నెండు సంపుటాల లావుపాటి నవల అది. మాట పోగొట్టుకున్న ఒక పిల్ల రాతి పక్షినెక్కి, పొగమంచుగా మారిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ పోతుంది. పెళ్ళైన కొత్తలో మొదటి సంపుటం ఇంట్లో అందరి ముందే చదువుకునేవాడు. ఒకరోజు బావమరుదులు వచ్చి కూర్చున్నప్పుడు భార్య నవ్వుతూ నోరు జారింది.

"మీ బావకింకా పాలపళ్ళు ఊడలేదన్నయ్యా. రాక్షసుల కథలు చదువుకుంటారు."

వాళ్ళు పడీపడీ నవ్వారు. ఆ పూట నుంచి పెద్ద బావమరిది ఆయన్ని 'రాతి పక్షి' అనే పిలిచాడు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడే ఆ పుస్తకానికి ఖాకీ కాగితంతో అట్ట వేసి, పైన 'వైండింగ్ పట్టికలు - 1' అని ముచ్చటైన అక్షరాలతో రాసుకున్నాడు. తర్వాత దొరికిన ప్రతి సంపుటమూ అలాగే అట్ట తొడుక్కుని బీరువా మీదికెక్కింది. అచ్చు వేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు. పదకొండోది చదివాక, పన్నెండోది పాత పుస్తకాల కుప్పలో దొరికేసరికి ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది. పేజీ గుర్తుకు మోటార్లలో వాడే ఇన్సులేషన్ కాగితం ముక్క పెట్టుకునేవాడు. చదవడం అయ్యాక దాన్ని ఆఖరి పేజీలోనే వదిలేసేవాడు. ఒక్కోసారి పాత సంపుటాల్లో ఆ ముక్క ఎక్కడో మధ్యలో కనపడేది. మతిమరుపు వచ్చేసిందనుకుని ఊరుకునేవాడు.

"మా నాన్న ఈ వయసులో కూడా పని గురించి చదువుతూనే ఉంటాడు," అని కొడుకు స్నేహితుల దగ్గర గొప్పగా చెప్పుకునేవాడు. అది చెవినపడ్డప్పుడల్లా మేస్త్రికి ఎక్కడికైనా పారిపోవాలనిపించేది.

పన్నెండోదాంట్లో నలభై పేజీలు మిగిలుండగా ఊపిరితిత్తులు మొరాయించాయి. ఆసుపత్రిలో పడ్డాడు. డాక్టరు వరండాలో కొడుకుతో ఏం చెప్పాడో, తిరిగొచ్చిన కొడుకు మొహం చూస్తేనే తెలిసిపోయింది. నవ్వకండి గానీ, ఆయనకు చావు భయం కంటే ఆ నలభై పేజీల బెంగే ఎక్కువైంది.

"ఒరేయ్, బీరువా మీద నా పుస్తకాలున్నాయే, పన్నెండోది తెచ్చిపెట్టు."

"అవి మోటార్ల పని నేర్పే బడికిచ్చేశాను నాన్నా," అన్నాడు కొడుకు. "నీ పేరు చెప్పుకుని పదిమంది బాగుపడతారని."

మేస్త్రి మంచం మీద లేచి కూర్చోబోయాడు. "ఆ ఒక్కటీ అడిగి పట్రా. చిన్న లెక్క చూసుకోవాలి," అన్నాడు.

సాయంత్రం కొడుకు వట్టి చేతులతో వచ్చాడు. "నాన్నా, ఎవడో నీ పట్టికలు కొట్టేసి, అట్టల్లో వేరే పుస్తకాలు పెట్టాడు. విప్పితే అన్నీ మాయలూ మంత్రాలేనట. మాస్టారు చిత్తుకాగితాల వాడికి వేసేశారు. సిగ్గుతో చచ్చాననుకో. అసలు బుద్ధున్నవాడెవడైనా చదువుతాడా అలాంటివి?"

మేస్త్రి గోడ వైపుకు తిరిగాడు. "ఎవడో వెధవ అయ్యుంటాడ్లే," అన్నాడు.

కొడుకు టీ తేవడానికి కిందికెళ్ళాడు. అంతసేపూ కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్న భార్య లేచి తలవైపుకు వచ్చింది.

"ఏమండీ, ఆ తమ్ముడు మళ్ళీ మనిషయ్యాడా?"

ఆయన తెల్లబోయాడు. "నీకెలా తెలుసు?"

"మీరు షాపుకెళ్ళాక చదివేదాన్ని. పదకొండూ అయిపోయాయి. మీరు ముగించాక పన్నెండోది తీసుకుందామని ఆగాను."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందరి ముందూ ఆ మాట అన్నదాన్ని నేనే కదా."

ముప్ఫై ఏళ్ళండీ! ఒకే ఇంట్లో, ఒకే కథ, ఒకరికి తెలియకుండా ఒకరు. ఎన్ని సాయంత్రాలు ఆ పిల్ల గురించి చెప్పుకుని ఉండేవారో!

"నాకూ తెలీదే. నలభై పేజీలుండగానే వచ్చి ఇక్కడ పడ్డాను," అన్నాడాయన. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఎండ తగిలితే ఆ పిల్లాడు కరిగిపోతాడు కదా. పక్షి రెక్క చాటున తీసుకొచ్చి ఉంటుందంటారా?"

"ఆ రెక్కకు తొమ్మిదో పుస్తకంలోనే బీట పడిందిగా," అన్నాడు, ఆయాసపడుతూనే. ఎన్నడూ లేనిది ఆయన కళ్ళల్లోకి వెలుగొచ్చింది. "కాకపోతే ఆ పిల్లకి..."

తలుపు తెరుచుకుంది. కొడుకు టీ గ్లాసులతో లోపలికొచ్చాడు. ఇద్దరూ చప్పున నోళ్ళు మూసుకున్నారు.

"ఏంటి మాట్లాడుకుంటున్నారు?" అన్నాడు వాడు.

ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన కళ్ళు దించుకున్నాడు.

"ఏముందిరా," అంది ఆవిడ, "మోటార్ల గురించే."