కార్డు నడుస్తుందా అని అడిగే మామ

మామ పోయాడన్న కబురు శుక్రవారం మధ్యాహ్నం బతా బజారులోని మెస్సులో తెలిసింది. ఫోన్ వచ్చింది మా గదిలో ఉండే తాపీమేస్త్రీకి. మామదీ ఆయనదీ పక్కపక్క ఊళ్ళు. విని, ఫోన్ బోర్లా పెట్టి, "మామ సచ్చిపోయిండట. గుండెపోటట" అన్నాడు. వడ్డించే అతను పప్పు తెచ్చాడు, వేయించుకున్నాం. నేను మారు అన్నం కూడా పెట్టించుకుని తిన్నాను. ఎలా తిన్నానో నాకే తెలియదు.

మామ మాకెవరికీ చుట్టం కాదు. జగిత్యాల వైపు మనిషి. ఈ అరబ్బు దేశంలో, సులై గోదాముల వెనకున్న మా క్యాంపులో అందరికన్నా పాతవాడు, కట్టడాలకు పరంజాలు కట్టేవాడు. ప్రతివాణ్ణీ "అల్లుడా" అనేవాడు కాబట్టి మామ అయ్యాడు. కొత్తగా ఎవరొచ్చినా ముందు ఊరు అడిగేవాడు కాదు, "నీ కార్డు నడుస్తుందా?" అని అడిగేవాడు. కార్డంటే కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్స్. వాళ్ళ ఫోన్ తీయించి, ఇక్కడ ఉండటానికి సర్కారిచ్చే ఇకామా నంబరు కొట్టించి, పాలసీ మొదలైందో లేదో, ఏయే దవాఖానాలు అందులో ఉన్నాయో, చూపించుకున్నప్పుడల్లా మన చేతినుంచి ఎంత పడుతుందో చూసేదాకా వదిలేవాడు కాదు. ఇకామా ఉంటే కార్డున్నట్టే కదా అని ఎవరైనా అంటే, "లగ్గం పత్రిక పంచంగనే పెండ్లయినట్టేనా అల్లుడా" అనేవాడు.

ఒకప్పుడు ఆయన చెయ్యి విరిగి దవాఖానకు పోతే, పాలసీ ఆగిపోయి ఉందని అక్కడ కిటికీ దగ్గర తెలిసిందట. ఆ రోజు నుంచి మొదలైన అలవాటు అది.

జలుబుకూ జ్వరానికీ అద్దాల పెద్ద దవాఖానకు పోనిచ్చేవాడు కాదు. వీధి క్లినిక్కు పొమ్మనేవాడు, అక్కడ మన చేతినుంచి పడేది తక్కువ. స్కానింగ్ రాశారంటే, ఇన్సూరెన్స్ వాళ్ళ నుంచి అప్రూవల్ వచ్చిందా అని అడగకుండా బల్ల ఎక్కొద్దనేవాడు. మందుల షాపులో అదే మందు తక్కువ ధరలో వేరే పేరుతో ఉందేమో అడగమనేవాడు. మళ్ళీ రమ్మన్న గడువులోపు పోతే రెండోసారి ఫీజు ఉండదు, ఆ సంగతి మరిచి నెలకు పోయేవాణ్ణి బాగా తిట్టేవాడు. ఇంత లెక్క చూసే మనిషి ఒక్క విషయంలో మాత్రం లెక్కలన్నీ పక్కన పడేసేవాడు: "గుండెల నొప్పస్తె నెట్‌వర్క్ గిట్‌వర్క్ అడుగుడు బంద్. దగ్గరున్న దవాఖానకు ఉరుకుడే. ముందుగాల పానం."

ఆయనకు బద్ధశత్రువు మా గోలీల సంచి. ఇది మావాళ్ళలోనే చూశాను. సెలవుకు పోయి వచ్చే ప్రతివాడూ ఊళ్ళో మెడికల్ షాపు నుంచి క్యాంపు మొత్తానికి బీపీ, షుగర్ గోలీలు మోసుకొస్తాడు. పరీక్ష లేదు, డాక్టరు లేదు, ఒకడికి రాసినవి నలుగురం మింగుతాం. ఎందుకంటే కార్డు మీద చూపించుకుంటే రోగం కంపెనీకి తెలుస్తుంది, తెలిస్తే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారని భయం. నేనూ ఆ సంచిలో చెయ్యి పెట్టినవాణ్ణే. ఏసీ మెకానిక్కును. ఇంటి దగ్గర బిడ్డ నర్సింగు చదువుతోంది. నన్ను పంపేస్తే ఆ చదువు అక్కడే ఆగుతుంది.

పాలసీ కొత్తగా రాసిన ఏడాది మామ నా పక్కన కూర్చుని, బీపీ ఉందని నాతో రాయించాడు. నేను మధ్యలో పెన్ను కింద పెట్టబోతే, "దాస్తె రోగం పోదు అల్లుడా, కార్డు పోతది" అన్నాడు. కంపెనీ నన్ను పంపలేదు. తర్వాతి ఎండాకాలం మలాజ్‌లో ఓ ఇంటి మిద్దె మీద పనిచేస్తుంటే ఛాతీలో పట్టేసింది. మామ మాటే గుర్తొచ్చి, ఎదురుగా ఏది కనిపిస్తే ఆ దవాఖానలోకి పోయాను. స్టెంట్ వేశారు. ఖర్చు కార్డు మీదే పోయింది. ఈ నాలుగు మాటలు రాయడానికి నేను మిగిలి ఉన్నానంటే ఆయన వల్లే.

మామ కొలువు ముగించుకుని ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి పోయి రెండేళ్ళు కావస్తోంది. ఇక్కడి కొలువు పోయిన రోజే ఇక్కడి కార్డూ పోతుంది, అందుకే ఒంట్లో బాగున్నప్పుడే ఇండియాలో ఓ పాలసీ తీసుకోండని అందరికీ చెప్పి చెప్పి పోయాడు. తనది మాత్రం ఇంటికి పోయాకే తీసుకున్నాడు. షుగర్, బీపీ ఉన్నాయని నిజమే రాశాడు. పాత రోగాలకూ వాటివల్ల వచ్చేవాటికీ రెండేళ్ళు ఆగితేనే కార్డు నడుస్తుందన్నారట. ఏళ్ళ తరబడి ఊళ్ళో లేనందుకు రేషన్ కార్డులో పేరు పోయింది, సర్కారు ఉచిత వైద్యానికీ అదే అడ్డమైంది.

మెస్సు నుంచి బయటికొచ్చాక ఎవరో "శకునం జెప్పే బల్లి కుడితిల వడ్డట్టయింది" అన్నారు. అన్నవాణ్ణి కొట్టాలనిపించాలి. ఏమీ అనిపించలేదు.

సాయంత్రం అత్తకు ఫోన్ చేశాను. మామ భార్యను మేమంతా అట్లాగే పిలుస్తాం. ఆమె కూడా ఏడవలేదు. ఇంట్లో జనం మాటలు వినపడుతున్నాయి.

"నెల దినాల సంది నొప్పంటుండె బిడ్డా. దవాఖానకు పోదాం పా అంటె, ఇంకో రెండు నెలలాగు, అప్పుడు నా కార్డు నడుస్తది, పోరగాండ్ల మీద ఖర్చు ఎందుకు ఎయ్యాలె అన్నడు."

ముందుగాల పానం అన్నావు కదా మామా అని నాలో నేనే అనుకున్నాను. పైకి మాత్రం, తిన్నావా అత్తా అని అడిగాను.

గదికి వచ్చి నా భార్యకు ఫోన్ చేసి, రేషన్ కార్డులో నా పేరుందో లేదో రేపే చూడమన్నాను. ఇండియా పాలసీ కాగితాలు తీయమన్నాను. ఏమైందని ఆమె అడిగితే మామ సంగతి ఒక్క ముక్కలో చెప్పాను. నా గొంతు నాకే వేరేవాళ్ళది అనిపించింది.

సాయంత్రం ఫోన్ పెట్టేముందు అత్త చెప్పిన మాట ఒకటుంది. మామ తన రిపోర్టులు, ఎక్స్‌రేలు, పాలసీ కాగితం ఒక ప్లాస్టిక్ సంచిలో సర్ది, వారం కిందటే తలుపు పక్క కొక్కేనికి తగిలించాడట. తారీఖు రాంగనే ఎత్తుకొని పోవుడే అన్నాడట. ఆ సంచి కింద దవాఖానకని విడిగా పెట్టుకున్న కొత్త చెప్పులు. చావింటికి వచ్చినవాళ్ళు వాటిని తొక్కకుండా, ఆ పక్కనే తమవి విడుస్తున్నారట.