మా అప్ప కొలుచుకున్న దూరం

మా అప్ప, అంటే మా అక్క సూరమ్మ, అంబలి తాగుతూ గిన్నె కింద పెట్టేసింది. "ఒసే, ఉప్పెక్కువేసినావేటే?" అని కోడలిని అడిగింది. ఉప్పు సరిగానే ఉంది. అంగిలి మండుతోంది. మా వైపు చాలామంది ఆడవాళ్ళలాగే అప్ప కూడా అడ్డపొగ తాగేది, అంటే చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని.

శ్రీకాకుళంలో డాక్టరు టార్చి వేసి చూశాడు. "ఈ తెల్లమచ్చ మధ్య పుండు నాకు నచ్చలేదు. బయాప్సీ చేద్దాం" అన్నాడు. రిపోర్టులో కేన్సర్ అని వచ్చింది. నరసన్నపేట నుంచి ఆమదాలవలస వెళ్ళి మద్రాసు రైలెక్కాం. అక్కడ కోబాల్ట్ మెషీన్‌తో రేడియేషన్ ఇవ్వడం మొదలుపెట్టారు. సగం సిట్టింగులయ్యేసరికి నోరంతా పూసి మంచినీళ్ళు కూడా దిగలేదు. "మూడు వారాలు రెస్ట్. తర్వాత మిగతా సగం. మానేస్తే ఇంతవరకు చేసిందీ వృథానే" అని చెప్పి పంపారు.

తిరిగొచ్చిన అప్ప ఇంట్లో అడుగు పెట్టలేదు. కల్లం చివర పాకలో మంచం వేయించుకుంది. ఏడాది నిండిన మనవరాలిని దగ్గరికి రానివ్వలేదు.

దానికి కారణం నేనే. నేను విలేకరిని. చైనా హైడ్రోజన్ బాంబు పేల్చినప్పుడు ఒక వ్యాసం రాశాను. విశాఖపట్నం మీద బాంబు పడితే ఎక్కడ ఏమవుతుందో మ్యాపు మీద వృత్తాలు గీశాను. పది కిలోటన్నుల చిన్న బాంబైతే పాతిక కిలోమీటర్ల అవతల కొత్తవలసలో మెరుపూ ఉరుమూ. దానికి వెయ్యింతల శక్తితో పది మెగాటన్నులదైతే అక్కడా ఒళ్ళు కాలుతుంది. శక్తి వెయ్యింతలైతే పేలుడు దెబ్బ వెయ్యింతల దూరం పోదు, పదింతలే పోతుంది. వేడి అంతకన్నా దూరం పోతుంది. రేడియేషన్ బూడిద మాత్రం గాలి ఎటు వీస్తే అటు, నరసన్నపేట దాకా కూడా రావచ్చు. అప్ప కొడుకు రామినాయుడు దాన్ని ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాడు.

"మావా, మాయమ్మ ఎన్ని మెగాటన్నులో నువ్వే లెక్కకట్టి సెప్పు" అని ఇప్పుడు వాడే దెప్పాడు.

కల్లానికి వెళ్ళాను. గాలి ఇంటి మీది నుంచి ఆమె మంచం వైపు వీస్తోంది. చూసుకునే వేయించుకుంది.

"అక్కడే ఆగరా. దగ్గరున్నోడికి ఎక్కువ, దూరమున్నోడికి తక్కువని నువ్వే రాసినావు."

"అది బాంబప్పా."

"ఇదీ రేడియేసనే కదేటి. నన్ను బల్ల మీద పడుకోబెట్టి అందరూ బయటికెల్లి తలుపేసుకున్నారు. మంచిదైతే ఎందుకు పోతారు? మిగతాది కూడా ఎక్కించుకుని వస్తే పిల్ల ఏటైపోద్ది? నాను మరెల్లను."

ఆ మెషీన్ మనిషి ఒంట్లో ఏం మిగులుస్తుందో నేనెవరినీ అడగలేదు. పదడుగుల దూరంలోనే కూర్చుండిపోయాను. మూడు వారాల గడువు తీరడానికి ఇంకా నాలుగు రోజులుంది.

మర్నాడు శ్రీకాకుళం డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. "బాంబు బూడిద మిగులుస్తుంది. ఈ మెషీన్ షట్టర్ మూశాక మనిషిలో ఏమీ మిగలదు. ఎండలో ఆరేసిన చీర ఇంట్లోకి తెస్తే ఎండ కాస్తుందా? స్టాఫ్ రోజంతా, ఏళ్ళ తరబడి అక్కడే పనిచేస్తారు కాబట్టి బయటికి పోతారు" అన్నాడు.

సాయంత్రం నేరుగా వెళ్ళి అప్ప మంచం మీదే కూర్చున్నాను. ఆమె ఆ చివరికి జరిగింది.

"మెషీన్ ఆగాక నిన్ను బల్ల దింపిందెవరు?"

"నర్సమ్మ. రోజూ ఆ పిల్లే."

"ఎంత దూరంలో నిలబడింది?"

"దూరమేటి, నడుం పట్టుకుని దింపేది..." అప్ప ఆగిపోయింది. "ఆ పిల్ల కడుపుతో ఉన్నాదిరా."

మళ్ళీ నా వైపు జరిగింది. తర్వాత, "మరి ఆ ముక్క పేపర్లో ఎందుకు రాయలేదురా?" అంది.

గడువుకు ఒక రోజు ముందు మద్రాసు చేరాం. రెండో విడత మొదటిదానికన్నా కష్టమైంది. ఇప్పటికి ఏడాది దాటింది. అప్ప ఇంట్లోనే, మనవరాలి పక్కనే ఉంటుంది. మెత్తటి అన్నమే తింటుంది, మాట కొంచెం ముక్కుతో వస్తుంది, చుట్ట మానేసింది. మూడు నెలలకోసారి చెకప్‌కు వెళుతున్నాం.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ చికిత్స జరిగితే, ఆసుపత్రి నుంచి బయలుదేరేముందు డాక్టరును ఒక్కటి అడగండి: ఈ మనిషి పక్కన కూర్చోవచ్చా, పిల్లల్ని ఎత్తుకోవచ్చా అని. వరండాలోకి పిలిచి రహస్యంగా కాదు, రోగి వినేలా అడగండి.