గుర్తుముడి వేయని చీర

ఆళ్లగడ్డలో శిల్పుల వీధికి వెనుకవైపున ఉన్న ఇళ్లకు తెల్లవారింది మొదలు ఉలి చప్పుడు వినబడుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి వినేవారికి అది చప్పుడుగా తోచదు. ఆగినప్పుడు మాత్రమే, అంతవరకు అది ఉండినదని తెలుస్తుంది. మధ్యాహ్నం భోజనాలకని శిల్పులు ఉలులు కిందపెట్టిన ఆ కాసేపూ, ఎవరో ఏదో చెప్పబోయి మానుకొన్నట్లు ఉంటుంది ఆ వీధి. కన్యకమ్మ బట్టలకు రంగు వేసేది సరిగ్గా ఆ వేళకే. నీడ పడినచోట బట్ట రంగును ఎక్కువగా పీల్చుకొంటుందనీ, అందువల్ల ఎండ నడినెత్తిన ఉండగానే పని ముగించాలనీ ఆమె తల్లి చెప్పింది. అది నిజమో కాదో కన్యకమ్మ ఎన్నడూ పరీక్షించి చూడలేదు. తల్లి చెప్పినవాటిలో పరీక్షకు పెట్టేవి కొన్ని, పెట్టనివి కొన్ని అని ఆమె లెక్క.

ఆమె పుట్టినది కోయిలకుంట్లలో. మెట్టినది ఆళ్లగడ్డలో చిల్లర అంగడి నడుపుకొనే ఈశ్వరయ్య ఇంట. రంగు వేయడం ఆమెకు జీవనోపాధి కాదు. వెలిసిపోయిన బట్ట కంటబడితే ఆమె చేతులు ఊరుకోవు, అంతే. దుప్పట్లు, దిండు గలీబులు, కిటికీ తెరలు, ఇరుగుపొరుగువారి పాతచీరలు, అన్నీ పెరట్లోని గంగాళంలో మునిగి కొత్త జన్మమెత్తవలసినవే. 'అద్దకము' అనే మాట 'అద్దు' అనే ధాతువునుంచి పుట్టింది. మన పూర్వులు అద్దడం, ముంచడం, పూయడం, పులమడం అని ఒక్కొక్క చేతికదలికకు ఒక్కొక్క క్రియను కేటాయించి పెట్టగా, నేటివారు అన్నిటికీ 'కలర్ వేయడం' అని ఒక్కటే ముద్ర కొట్టి వదిలేస్తున్నారు. కన్యకమ్మకు ధాతువులతో పరిచయం లేదు గాని, ఆ కదలికల భేదం మాత్రం ఆమె వేళ్లకు తెలుసు.

ఈశ్వరయ్యకు ఇదంతా వేళాకోళం. "ఏమే, నా బనీన్లు గులాబీ రంగు చేసినావే! బజార్లో చొక్కా విప్పితే జనం ఈలలేస్తారు," అనేవాడు.

"నిన్నెవరు విప్పమన్యారు? ఆ వయసు దాటిపాయె గదా," అనేది ఆమె, గంగాళంలోంచి తల ఎత్తకుండానే.

ఆమెకు ఒక నియమం ఉండేది. ఏ బట్టనైనా ముంచేముందు, దాని మూలను ఒక చోట చిటికెడు పట్టి, మైనం రాసిన దారంతో బిగించి కట్టేది. రంగు వేశాక ఆ ముడి విప్పితే, అక్కడ చింతగింజంత మేర పాతరంగు అట్లాగే నిలిచి ఉండేది. దానిని గుర్తుముడి అనేది. బట్టకు తన మొదటి రంగు జ్ఞాపకముండాలనీ, లేకపోతే అది తానెవరో వెదుక్కొంటుందనీ, ఇదీ తల్లి మాటే. పరీక్షకు పెట్టని మాటల్లో ఇది మొదటిది.

కూతురు సుప్రజ పసిదానిగా ఉన్నప్పుడు ఈ పని దగ్గరే పెరిగింది. తల్లి కుడిచేత కట్టె పట్టి రంగునీళ్లు కలుపుతూ ఉంటే, ఆ పిల్ల తల్లి ఎడమచేతి చిటికెనవేలిని పిడికిట బిగించుకొని నిలబడేది. పొయ్యి సెగకు దూరంగా పొమ్మన్నా పోయేది కాదు. వేలు వదిలితే తల్లి గంగాళంలో పడిపోతుందని దాని భయం. 'అమ్మను పట్టుకోవాల గదా' అనేది.

ఆ సుప్రజను నంద్యాలలో బియ్యం మిల్లు వ్యాపారం చేసే గిరీశ్‌కు ఇచ్చారు. మూడేళ్ల కిందట, కూతురు వాసవికి ఇంకా తడబడే నడకే ఉండగా, సుప్రజ విషజ్వరంతో పోయింది. నిరుడు గిరీశ్ శ్రీవాణి అనే అమ్మాయిని పెండ్లాడాడు. రెండవసారి వచ్చిన ఇల్లాలు పోయిన ఆమె పేర ఒక చిన్న బంగారు గుండును తన తాళిలో కూర్చుకోవడం, పోయిన ఆమె పుట్టింటిని తన పుట్టిల్లుగా భావించడం వారి ఇళ్లలో ఆచారం. శ్రీవాణి ఆ గుండును కూర్చుకొన్నది. కన్యకమ్మను అమ్మా అని పిలిచింది. కన్యకమ్మ పలికింది. కాని ఆడపడుచుకు పుట్టింటివారు పోసే ఒడిబియ్యం మాత్రం ఆమెకు ఇంతవరకు పోయలేదు. ప్రతిసారీ బియ్యం డబ్బా మూత తీసేది, మళ్లీ పెట్టేది.

ఈ యేడు ఎండలు ముదిరిన కాలాన ఒక మధ్యాహ్నం, శ్రీవాణి వాసవిని వెంటబెట్టుకొని నంద్యాల బస్సు దిగి నేరుగా పెరటి తలుపు దగ్గరకు వచ్చింది. చేతిలో ఒక సంచి. మనిషి చిక్కిపోయి ఉంది.

"ఏందిమ్మా, చెప్పాపెట్టకుండా వచ్చినావు? గిరీశ్ యాడ?"

"మిల్లుకాడ. ఆయనకు చెప్పలా."

శ్రీవాణి సంచిలోనిది చేత్తో తీయలేదు. సంచినే బండమీద బోర్లించింది. నిమ్మపండు రంగు నూలుచీర మెత్తగా జారిపడింది. సుప్రజ నంద్యాల అంగడిలో ఏరి కొనుక్కొని, ఇంట్లో పొద్దస్తమానం కట్టుకొన్న చీర అది.

"దీని రంగు మార్చియ్యమ్మా."

"ఎందుకు?"

"బీరువాలో పెట్టి తాళమేస్తా. మద్యాన్నం ఒక కునుకు తీసి లేస్తే దండెం మింద ఉంటాది. పాప తీసిందా అంటే, పాపకు తాళం అందదు. ఆయన తీసినాడా అంటే, ఆయన ఇంటికొచ్చేది దీపాలు పెట్టినాక." ఆమె మెట్టుమీద కూర్చున్న వాసవి వైపు చూసి గొంతు తగ్గించింది. "పాప దాంతో మాట్లాడుతాది. బళ్లో జరిగిందంతా దానికి చెప్తాది. నాకు ఒక్క ముక్క చెప్పదు. ఆయమ్మ నన్ను ఇంట్లోంచి పొమ్మంటాందేమోనని నాకు కన్ను మూతపడ్తాలేదు."

"పారేయొచ్చు గదా మరి, నా దగ్గరికెందుకు తెచ్చినావు?" కన్యకమ్మ మాట ఆమె అనుకొన్నదానికంటే కటువుగా వచ్చింది.

"పారేసే ధైర్యం లేదు నాకు. నీ చేత్తో మారిస్తే ఆయమ్మ ఒప్పుకుంటాదనుకుంటి. కన్నతల్లివి గదా."

కన్యకమ్మ చాలాసేపు చీరనే చూసింది. కూతురిది అని చెప్పుకోవడానికి మిగిలిన ఒకే ఒక్క రంగు అది. దానిని తన చేతులతోనే చెరిపివేయాలి. కాదంటే, ఈ పిల్ల మళ్లీ ఈ గడప తొక్కదు. దాని వెంట వాసవీ రాదు. భయం పట్టిన మనిషి చేతిలో తల్లిలేని బిడ్డ పెరుగుతుంది.

"నిమ్మపండు మింద నీలమేస్తే ఆకుపచ్చ అయితాది. పాతరంగు యాడికీ పోదు, కిందనే ఉంటాది. అదైనా సరేనా?"

"ఆకుపచ్చ అయితే కానీ. ఆ పసుపు నా కండ్లబడగూడదు. మూలన ఏదో ముడేస్తావంట గదా, అదీ వద్దు. ఒక్క చుక్క మిగలగూడదు."

ఈశ్వరయ్య అంగడినుంచి తెచ్చి ఉంచిన నీలం పొట్లం ఒకటి గూట్లో ఉంది. కన్యకమ్మ పొయ్యి రాజేసింది, కల్లుప్పు వేసింది, పొడి కలిపింది. చీర మూల చేతికి తగలగానే వేళ్లు అలవాటుకొద్దీ చిటికెడు పట్టబోయాయి. శ్రీవాణి చూస్తున్నది. కన్యకమ్మ వేళ్లు విడిచింది. పెండ్లయినప్పటినుంచీ ఇదే మొదటిసారి.

ఉలి చప్పుళ్లు ఒకటి తరువాత ఒకటి ఆగిపోయాయి. గంగాళంలో నీళ్లు కుతకుతలాడటం తప్ప మరే సవ్వడీ లేదు. కట్టెతో తిప్పుతూ ఉండగా చీర మామూలు కంటే బరువుగా తోచింది. దాని రెండవ కొసమీద ఎవరో నిలబడినట్లు, లాగితే తేలిక కాకుండా, లాగిన కొద్దీ నెమ్మదిగా వెంట వచ్చింది. సెగ తగ్గించి, నీళ్లు కాస్త చల్లారాక, రెండు చేతులూ మణికట్ల దాకా ముంచి పిసికింది. వేళ్లు మొద్దుబారాయి. ఆ నీళ్లలో చీర తప్ప మరేదో కూడా ఉన్నట్లనిపించింది. చేతులు బయటికి తీయాలనిపించలేదు.

చివరకు ఎత్తి దులిపింది.

చీర ఆకుపచ్చగా లేదు. నీలంగా ఉంది. తెల్లబట్టకు తొలిసారి వేసిన నీలంలాగా, కింద మరే రంగూ లేనట్లు. కన్యకమ్మ దానిని బారలు బారలుగా జరుపుతూ పోయింది. కుచ్చిళ్ల దాపున ఒక్కచోట చేయి నిలిచిపోయింది. అక్కడ పసిపిడికిలంత మేర నిమ్మపండు రంగు. వెలిసినది కాదు, మునుపటికంటే చిక్కగా, చీరలోని పసుపంతా అక్కడికే వచ్చి చేరుకొన్నట్లు. దాని చుట్టూ, నలిపి పట్టుకొన్న బట్టకు పడే ముడతలు.

"ముడేసినావు!" అన్నది శ్రీవాణి.

"నీ ముందరనే గదా ముంచినా. ముడుంటే దారముండాల. యాడుంది దారం? చూడు."

శ్రీవాణి చూసింది. దారం లేదు. "మళ్లా ముంచు," అన్నది. కన్యకమ్మ మళ్లీ ముంచింది. చీర మరింత నల్లని నీలమయింది. ఆ పిడికిలంత చోటు మాత్రం ఎట్లున్నదో అట్లే ఉన్నది.

అప్పుడు వాసవి మెట్టు దిగి వచ్చింది. ఎవరి వంకా చూడకుండా, తడిచీరమీద ఆ పసుపుచోటున తన పిడికిలి ఆనించింది. పిడికిలి ఆ చోటును దాటిపోయింది.

"నేను పట్టుకునేది ఈడనే," అన్నది. మరుక్షణం మొహం చిన్నబుచ్చుకొన్నది. "నా చెయ్యి పెద్దగైపాయె అవ్వా."

శ్రీవాణి తడిసిన బండమీదనే కూలబడింది. తనకే వినబడీ వినబడనట్లు అడిగింది: "పాపా, ఆ చీర నీతో ఏం చెప్తాది? నన్ను పొమ్మంటాదా?"

"అది యాడ మాట్లాడుతాది?" వాసవికి ఆ ప్రశ్నే వింతగా తోచింది. "నేను చెప్తే వింటాది, అంతే."

శ్రీవాణి మెల్లగా లేచి, చీర అంచును తన నడుముకు ఆనించి చూసుకొన్నది. పసుపుచోటు ఆమె ఎడమవైపున, తుంటికి కిందుగా వచ్చింది. తడబడుతూ నడిచే బిడ్డ చేయెత్తితే అందేటంత ఎత్తున. ఆమె దానిని అట్లాగే పట్టుకొని నిలబడింది.

"ఇంక ముంచొద్దమ్మా. ఇది ఆయమ్మది కాదు, పాపది. ఉండనీ."

అన్నానికి వచ్చిన ఈశ్వరయ్య దండెం కింద ఆగిపోయాడు. "ఇదేందే, ఇట్లొచ్చింది? నేనిచ్చిన పొట్లం నీలమే గదా? పసుపు మింద పచ్చ రావాల్సింది." ఆయన పసుపుచోటును చూశాడు, భార్య మొహం చూశాడు. వేళాకోళానికి తెరచిన నోరు మూసుకొని, వాసవిని ఎత్తుకొని లోపలికి పోయాడు.

ఎండవేడికి చీర నీడనే తొందరగా ఆరింది. శ్రీవాణి దానిని ఈసారి తన చేతులతోనే మడిచింది. బస్సుకు బయలుదేరబోతుండగా, కన్యకమ్మ బియ్యం డబ్బా మూత తీసింది, తిరిగి పెట్టలేదు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి చిప్పలు, ఆకూవక్కా పళ్లెంలో పెట్టి, "కూచోమ్మా, కొంగు పట్టు," అన్నది. శ్రీవాణి ఆమెవంక ఒకసారి చూసి, తూర్పుముఖంగా కూర్చొని కొంగు పట్టింది.

కన్యకమ్మ దోసిలి నిండా బియ్యం ఎత్తింది. మణికట్ల దాకా నీలమైన చేతులు. ఎంత తోమినా దిగని నీలం. ఎత్తిన దోసిలి ఒడిమీదికి రాగానే ఆగిపోయింది.

ఎడమచేతి చిటికెనవేలికి రంగు అంటలేదు. మొదలునుంచి గోరు దాకా చామనఛాయగా, ఉదయం ఎట్లున్నదో అట్లే ఉంది. దాని చుట్టూ మాత్రం, బిగించి పట్టిన పసివేళ్ల సందులగుండా రంగు జొరబడినట్లు, సన్నని నీలిగీతలు.

వీధిలో ఎవరో మొదటి ఉలిదెబ్బ వేశారు.

"ఏందమ్మా, ఆగినావు?" అన్నది శ్రీవాణి.

"ఏంలేదు. కొంగు గట్టిగా పట్టుకో," అన్నది కన్యకమ్మ, ఆ వేలిని కదిలించకుండా. "ఇంకా ఉండాయి బియ్యం."