తొట్టి దగ్గర రెండు మందలు

నలభై ఏళ్లుగా రోజూ డైరీ రాస్తున్నాను. రిటైరయ్యాక వాటిని వరసగా మళ్లీ చదువుతున్నాను. వాటిలో తెలిసి రాసిన అబద్ధం ఒక్కటే ఉంది. అది కువైట్‌లో రాసింది.

అప్పుడు అల్ రాయ్‌లో ఒక గోదాములో కంప్యూటర్ల పని చూసేవాణ్ణి. అక్కడ సరుకు మోసే కూలీలు రెండు జట్లు. రెండూ ఒకేసారి ఒకే అర మీద పడేవి. ఇరుకు సందుల్లో ట్రాలీలు ఇరుక్కునేవి, తిట్లు రేగేవి. ఏం మార్చాలో ముందు కంప్యూటర్లో ఆడించి చూడమన్నాడు మేనేజరు.

తెర మీద ఎర్రచుక్కలు ఒక జట్టు, నీలం చుక్కలు ఒక జట్టు. ప్రతి చుక్కా ఒక కూలీ. పక్కవాళ్లను చూసి నడవాలి, దగ్గరున్న పెట్టె తీసుకోవాలి, ఎవరినీ గుద్దుకోకూడదు. నేను రాసిన నియమాలు ఇంతే. ఎన్నిసార్లు ఆడించినా పెట్టెలు ఎక్కువున్న అర దగ్గర రెండు రంగులూ ముద్దకట్టి ఆగిపోయేవి. మూడు వారాల పాటు డైరీలో 'నేడూ కుదరలేదు' అనే ఉంది.

ఆ కూలీల్లో ఒకతను కడప వైపువాడు. ఊళ్లో మేకలు కాసినవాడు. నడుం పట్టేసి పెట్టెలు ఎత్తలేక, లోపల కూర్చుని చీటీలు రాసే పనికి మారాలని ఆశపడేవాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని ఏసీ కోసం నా గదిలోకి వచ్చేవాడు. ఒకరోజు నా వెనక నిలబడి తెర చూసి నవ్వాడు.

"ఇవేం మేకలన్నా, ఇట్ల తొక్కులాడుతుండాయి? తొట్టికాడికి రెండు మందల్ని ఒగేసారి తోల్తారా యాడన్నా? మొదటిది తాగి తల ఎత్తినంక గదా రెండోదాన్ని ఇడిసేది. అందాక దాన్ని దూరంగా మేపుతా ఉండాల."

ఆ సాయంత్రమే నియమం మార్చాను. ఒక అర దగ్గర ఒక రంగు ఉంటే, రెండోది దూరపు అరకు పోవాలి. చుక్కలు ఎక్కడా ఆగలేదు.

మర్నాడు మేనేజరుకు చూపించేటప్పుడు అతన్నీ రమ్మన్నాను. అతని పేరు చెప్పి, ఆ చీటీల పని ఇప్పించమని అడగాలనే రమ్మన్నాను. ఈ ఆలోచన ఎవరిదని మేనేజరు ఇంగ్లీషులో అడిగాడు. నాదేనన్నాను. నా చదువుకు మూడు వారాలు దొరకనిది మేకలు కాసినవాడికి ఒక్క చూపులో దొరికిందని చెప్పడానికి నోరు రాలేదు. మేనేజరు నా భుజం తట్టాడు. ఇంగ్లీషు రాని అతను తలుపు దగ్గర నిలబడి సంతోషంగా తల ఊపాడు.

బయటికి వచ్చాక అడిగాడు. "నా సంగతి చెప్పినావా అన్నా?"

"చెప్పాను."

ఆనాటి పేజీలో 'నాకొక ఉపాయం తట్టింది' అని ఉంది. అక్షరాలు గుండ్రంగా, ఎక్కడా తడబాటు లేకుండా ఉన్నాయి.

గోదాములో అదే పద్ధతి పెట్టారు. ఇదివరకు ట్రాలీ ఇరుక్కున్నప్పుడైనా అతను కాసేపు గోడకు నడుం ఆనించుకునేవాడు. ఇప్పుడు ఆ కాస్త ఆగడం కూడా పోయింది. చీటీల పనికి మేనేజరు ఏమన్నాడని నన్ను అడిగేవాడు. చూద్దామన్నాడని చెప్పేవాణ్ణి. నిజం చెబితే ముందు నా అబద్ధం ఒప్పుకోవాలి. అందుకని వాయిదా వేస్తూ వచ్చాను.

అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు గడువు ఇంకా ఉండగానే, ఇక ఎత్తలేనని తనే పని మానేసి ఖలాస్ చేసుకున్నాడు. విమానాశ్రయానికి పోయే వ్యాను ఎక్కే ముందు నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీ తప్పేముందన్నా. నువ్వు చెప్పినావు గదా. ఆయప్పకే మనసు రాలేదు."

అప్పుడైనా చెప్పలేదు. ఆ రోజు పేజీలో 'అతను ఊరికి వెళ్లాడు. దుమ్ము గాలి' అని మాత్రమే రాసి ఉంది.