పేరు రాయని స్లైడు

మా జువాలజీ సారు పోయారని మొన్న పొద్దున గిద్దలూరు నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. ఆ కబురు వస్తుందని నాకు నాలుగు నెలల ముందే తెలుసు. మొదట చెప్పింది నేనే.

కాలేజీలో ఆయన ఎముక మూలుగ పాఠం చెప్పిన రోజు గుర్తుంది. పగిలిన పలక ముక్క మీద ఎముక గీసి, లోపల చిన్న చిన్న సున్నాలు చుట్టారు.

"ఇది నారుమడి అనుకోండి. చుట్టూ కంప. రక్తకణం ముదిరినాక ఆ కంపను కొరికి దారి చేసే ఎంజైములు ఉంటాయి. అవి లేకుంటే నెత్తురు ఒంట్లోకి రాదు."

"లేతవే కొరుక్కుని బయటపడితే, సార్?" అన్నాను.

"లెక్కలేకుండా పుట్టి అట్ల బయటపడితే, అదే బ్లడ్ క్యాన్సర్ తల్లీ. కొరికేది అదే ఎంజైము. చేయించే చెయ్యే వేరు" అని పలక తుడిచేశారు.

నేను మార్కాపురంలో ల్యాబ్ పెట్టుకున్నాక, రిటైరైన సారు నెలకోసారి రైలెక్కి వచ్చేవారు. జేబులో ఎవరిదో నెత్తురు చుక్క పూసి, కాగితం చుట్టిన గాజు స్లైడు ఒకటి ఉండేది. నలభై ఏళ్ళొచ్చినా నాకు పరీక్ష తప్పలేదు. స్లైడు మీద పేరు మాత్రం రాసేవారు కాదు. "పేరు చూస్తే కన్ను అబద్ధమాడుతాది" అనేవారు.

చివరిసారి తెచ్చిన స్లైడు చూసి నేను తలెత్తకుండానే గడగడా చెప్పేశాను. "అన్నీ లేత కణాలే సార్. కంప తెగిపోయింది. ఎవరో గానీ ఎక్కువ రోజులుండడు."

సరిగ్గా చెప్పానని ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"బాగా చదివినావు. పదికి పది."

"ఎవరిది సార్? వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి."

"పోతాడులే. నేను చెప్తా" అని చెప్పులేసుకున్నారు.

ఆయన వెళ్ళాక చూశాను. మైక్రోస్కోపు పక్కన, ఆయన చెయ్యి ఆనించిన చోట, ఎర్రటి వేలిముద్ర. పొద్దున ఇంట్లో ఆ స్లైడు కోసం సూదితో గుచ్చుకున్న వేలు. మధ్యాహ్నమైనా నెత్తురు ఆగలేదు.

పేరు తెలిసుంటే నేను తప్పకుండా అబద్ధమాడేదాన్ని. ఆ అబద్ధం నుంచి నన్ను తప్పించింది ఆయనే. అందుకు దండం పెట్టాలో ఏడవాలో తెలియడం లేదు.

ఆ స్లైడు నా సొరుగులోనే ఉంది. నిన్న పేరు రాద్దామని బయటికి తీశాను. పెన్ను మూత తీసి, తిరిగి బిగించాను. అలాగే కాగితం చుట్టి, మళ్ళీ లోపల పెట్టేశాను.